సరైన కార్డు

"ముఠా అంటావేటి? ఏదీ, సూపించు నా ముఠాని!"

ఓడరేవు పక్కనున్న ఏక్‌బాల్‌పూర్ బస్తీ నుంచి వచ్చిన తవిటమ్మ బల్ల మీద గుద్దింది. డాక్ కూలీల వైద్య కార్డులు చూసే ఆఫీసు అది. ప్రవీణ్‌కుమార్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. అతను తయారుచేసిన గ్రాఫ్ డేటాబేస్‌లో ఒక్కో కార్డూ ఒక్కో చుక్క. ఒకే ఫోన్ నంబరు కనిపిస్తే చుక్కల మధ్య గీత పడుతుంది. నడుమ తవిటమ్మ, చుట్టూ ముప్పై ఎనిమిది ఎర్ర చుక్కలు.

"ఆపదలో పిలవాల్సిన నంబరంటూ అందరూ మీదే రాశారమ్మా. దొంగ కార్డులనుకుని సిస్టమ్ ఆపేసింది."

"మరెవులిది రాత్తారు? ఆళ్ల పెళ్లాం పిల్లలు సిక్కోల్లో ఉన్నారు. ఓడలోన సెయ్యి నలిగితే ఇక్కడ పరిగెట్టేది నాను! నిన్న ఆళ్లలోన గవరయ్యకి రగతం కారతంటే కార్డు సెల్లదని ఆస్పత్రోళ్లు బయట కూకోబెట్టారు. తెలుసా నీకు?"

తవిటమ్మ తెర మీద వేలు పెట్టింది.

"ఆ మూల పచ్చ సుక్క ఎవుడిది? ఒక్క గీతా లేదు."

"అది సరైన కార్డు. నాదే. మా ఆఫీసువాళ్లకూ ఇచ్చారు."

"నీకేటైనా అయితే ఎవులికి ఫోను సేత్తారు?"

ఆపదలో పిలవాల్సిన నంబరు గడిలో అతను తన నంబరే రాసుకున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చి ఏడాదైనా, ఈ ఊళ్లో వేరే నంబరేదీ తోచలేదు.

"నాకే," అన్నాడు మెల్లగా.

"ఏడిసినట్టుంది! రాయి నా నంబరు."

రాశాడు. పచ్చ చుక్క ఎర్రబడింది.