పనికిరాని నెత్తురు

"మళ్ళీ వచ్చావా?" అంది డాక్టర్ అనూరాధ, తల పట్టుకుని.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో ఆమెది శవపరీక్షల విభాగం. ఎదురుగా స్టూలు మీద ఈశ్వరి, నౌపడ దగ్గర చేపలమ్ముకునే మనిషి. మొగుడు అప్పలసూరి ఆరేళ్ళ కిందట సముద్రం మీద వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. మొన్నటి తుఫానుకు ఉప్పుమడి గట్టు తెగి, ఎవరివో ఎముకలు బయటపడ్డాయి. అవి తన మొగుడివేనని ఈశ్వరి పట్టు. రుజువు లేకపోతే సోమవారం అనాథ శవం కింద పూడ్చేస్తామని పోలీసుల మాట.

"ఈ బొట్టు ఉంచుకోవాలో తీసేయాలో తెలీక సస్తన్నాను డాక్టరమ్మా. నా నెత్తురు తీసుకోండి."

"భార్య నెత్తురు పనికిరాదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"పోనీ, మా పిల్లోడిది?"

"అదీ పనికిరాదు." అనూరాధ విసుగు దిగమింగుకుని మళ్ళీ మొదటికొచ్చింది. "ఆ ఎముక ఉప్పులో నాని, అసలు డీఎన్ఏ పాడైపోయింది. మిగిలింది మైటోకాండ్రియాలోది. గాజులా గుండ్రంగా ఉంటుంది, రెండు పోగులు. నకలు తయారయ్యేటప్పుడు ఒక పోగు ముందు బయల్దేరుతుంది. అది చాలా దూరం పోయాక గానీ రెండోది కదలదు. అలా ఒక్కో కణంలో వందల నకళ్ళు. అందుకే కొన్నైనా మిగిలాయి. కానీ అది తల్లి నుంచే వస్తుంది. మీవాడికి వచ్చింది నీది, వాళ్ళ నాన్నది కాదు."

"కన్నతండ్రిది ఏటీ రాదా? ఇదెక్కడి నాయం?"

"న్యాయం నేను రాయలేదు. మీ ఆయన తల్లి ఉందా?"

"పోయినాది."

"అన్నదమ్ములు?"

"నేరు."

"అక్కచెల్లెళ్ళు?"

"ఒక్క అక్క. కామెర్లొచ్చి పోయినాది."

అనూరాధ పెన్ను బల్ల మీద పడేసింది. పనికొచ్చే నెత్తురంతా మట్టిలో కలిసిపోయింది, పనికిరాని నెత్తురు మాత్రం బస్సెక్కి వస్తూనే ఉంది.

ఈశ్వరి ఎండుచేపల బుట్ట చంకనెత్తుకుని గుమ్మం దాకా నడిచింది. ఆ నడక చూడలేక డాక్టరమ్మే పిలిచింది.

"ఆగు. ఆ అక్కకి పిల్లలున్నారా? ఆవిడ కడుపున పుట్టినవాళ్ళయినా చాలు, అదే నకలు."

"ఒక్కర్తే కూతురు."

"ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"ఎవులూ అడగనేదు."

"సరే, ఎక్కడుందా పిల్ల? ఎంత దూరమైనా సరే, సోమవారం లోగా తీసుకురా."

ఈశ్వరి బుట్ట దించి, వెనక్కొచ్చి స్టూలు మీద కూర్చుని, చెయ్యి చాపింది.

"ఆ కూతుర్ని నేనే, డాక్టరమ్మా."