పద్నాలుగింట్లో ఒకటి

“మనవడికా అమ్మా?”

“కాదు బాబూ, నాకే.”

సేల్స్‌మన్ ఒక్క క్షణం తెల్లబోయాడు. ఎదురుగా ఉన్నావిడకు అరవై ఏళ్లకు తక్కువుండవు. మెడలో దారానికి వేలాడుతున్న కళ్లజోడు, చేతిలో గుడ్డసంచి.

“ఎన్నాళ్ల నుంచి ఆడుతున్నారు?”

“ఇంకా మొదలుపెట్టలేదు. మొన్న మీ పైహాల్లో ఆడుతుంటే మెట్ల మీద నిలబడి చూశాను. కాళ్లు కదల్లేదనుకో. ఇవాళ కొనుక్కుందామని వచ్చేశాను.”

అతనికి లోలోపల నవ్వొచ్చింది. కింద ఆటసామాన్ల షాపు, పైన టేబుల్ టెన్నిస్ క్లబ్బు. పగలంతా కింద అమ్ముతాడు, సాయంత్రం పైన నేర్పుతాడు. ఒకప్పుడు ఆ ఊరి కప్పు రెండుసార్లు గెలిచిన మనిషి. అందుకే క్లబ్బులో అంతా అతణ్ణి మాస్టారంటారు.

అద్దాల బీరువాలోంచి కార్బన్ పొర వేసిన బ్యాటు బ్లేడు తీశాడు. ఇంకా రబ్బరు అంటించని వట్టి చెక్క, నిగనిగలాడుతోంది.

“ఇది తీసుకోండి. ఇందాకే ఒక ఇంజనీరుగారు ఇదే పట్టుకెళ్లారు. ఆయనా కొత్తే.”

ఆవిడ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టింది. టంగుమంది.

“వద్దు బాబూ. చేతికి తెలిసేలోగా బంతి వెళ్లిపోతుంది. నేర్చుకునేదాన్ని, నాకు ముందు తెలియాలి కదా! చవక రకం చూపించు.”

అతను మొహం ముడుచుకున్నాడు.

“అమ్మా, బ్లేడంటే ఉత్త చెక్కముక్క కాదు. ఇందులో ఐదు పొరలుంటాయి. మధ్యది మందం, పైవి పల్చన. జిగురుతో అతికించి, బరువు పెట్టి నొక్కుతారు. అదంతా పెద్ద శాస్త్రం.”

“అలాగా?” అంది ఆవిడ శ్రద్ధగా.

చవక రకం పద్నాలుగున్నాయి. అన్నీ కౌంటరు మీద పరిపించింది. ఒక్కొక్కటే తట్టింది. అంచుల వెంట గోరు పోనిచ్చింది. ఒకటి రెండింటిని వాసన కూడా చూసింది.

ఆవిడ వెనక ఇద్దరొచ్చి నిలబడ్డారు.

“అన్నీ ఒకటే కదమ్మా!” అన్నాడు సేల్స్‌మన్ విసుగ్గా.

“ముద్ర ఒకటే బాబూ. చెట్లు వేరు.”

చివరికి ఒకటి తీసి పక్కన పెట్టింది. “దీనికి మామూలు రబ్బర్లు అంటించి ఇవ్వు. బంతిని మరీ తన్నేవి వద్దు.”

ఆవిడ గుమ్మం దాటగానే అతను మిగతావాళ్లతో అన్నాడు. “కొబ్బరికాయ కొన్నట్టు వాయించి మరీ కొన్నారు. నెల తిరిగేసరికి ఆ బ్యాటు అటకెక్కకపోతే నన్నడగండి.”

అటకెక్కలేదు.

మర్నాటి నుంచి ఆవిడ సాయంత్రం ఐదింటికి ఠంచనుగా మెట్లెక్కి వచ్చేది. మొదటివారం బంతులు ఫ్యానుకి తగిలాయి. రెండోవారం కిటికీలోంచి వీధిలోకి దూకాయి. ఆవిడే దిగివెళ్లి ఏరుకొచ్చేది.

సేల్స్‌మన్ ఆవిణ్ణి మూల బల్లకు పంపేసి ఇంజనీరు పక్కన నిలబడేవాడు. ఇంజనీరుది మంచి ఎత్తు, బలం, పైగా కార్బన్ బ్యాటు. కొడితే బంతి కంటికి ఆనేది కాదు.

మూల బల్ల మీద మాత్రం టక్, టక్, టక్. మూణ్ణెల్లకి ఒక్కటీ తప్పకుండా వరసగా నలభై బంతులు. ఆర్నెల్లకి, ఎదుటివాళ్లు విసుగెత్తి వదిలేసేదాకా ఆగేది కాదు.

ఏడాది చివర కొత్తగా చేరినవాళ్లకు కప్పు పెట్టారు. పదహారుమందిలో ఫైనలుకి ఇద్దరు మిగిలారు.

“మాస్టారూ, పెద్దావిడ మీద గట్టిగా కొట్టాలంటే మొహమాటంగా ఉందండీ,” అన్నాడు ఇంజనీరు.

“కొట్టెయ్. పది నిమిషాల్లో ముగించు. పాపం, ఆవిణ్ణి ఎక్కువసేపు నిలబెట్టకు.”

నిలబెట్టింది ఆవిడే. ముప్పావుగంట.

మొదటి రెండు గేములూ ఇంజనీరువి. మూడోదానికి ఆవిడకు అతని దెబ్బ ఆనుపాను తెలిసిపోయింది. కొట్టినవన్నీ తిరిగొచ్చాయి. అతను ఇంకా గట్టిగా కొట్టాడు. బంతి బల్ల దాటి గోడకు తగిలింది. మెల్లగా పెడదామంటే ఆ బ్యాటు పెట్టనివ్వలేదు.

రెండూ రెండూ. ఐదో గేములో తొమ్మిదీ తొమ్మిదీ. గెలవడానికి పదకొండు కావాలి.

సేల్స్‌మన్ తనకు తెలియకుండానే ఆవిడ వైపు వచ్చి నిలబడ్డాడు.

ఇంజనీరు కొట్టాడు. ఆవిడ ఆపింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఆపింది. మూడోసారి నాలుగడుగులు వెనక్కి వెళ్లి బలమంతా పెట్టి కొట్టాడు. ఆవిడ బ్యాటుని అలా మెత్తగా తాకించింది. బంతి నెట్ దాటి అక్కడే కూలబడింది.

ఆవిడకు పది.

తర్వాతి బంతి కాస్త ఎత్తుగా లేచింది. ఏడాదిలో మొట్టమొదటిసారి ఆవిడ చెయ్యెత్తి చాచి కొట్టింది. ఇంజనీరు కదలనేలేదు.

హాలు దద్దరిల్లింది. చప్పట్లు, ఈలలు. ఎవరో ఆవిణ్ణి కుర్చీ ఎక్కించారు.

ఇంజనీరు చెమటలు కక్కుతూ వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. “నన్ను పరుగులు పెట్టించారమ్మా! ఇంతకీ ఇదివరకు మీరేం చేసేవారు?”

కప్పు అందించబోతున్న సేల్స్‌మన్ చెయ్యి గాల్లోనే ఆగింది. ఏడాదిగా రోజూ చూస్తున్న మనిషి. ఆ ఒక్కమాట తనెప్పుడూ అడగలేదు.

ఆవిడ సంతోషం పట్టలేక నోరారా నవ్వింది.

“బ్యాట్ల ఫ్యాక్టరీలో చెక్క పొరలు అతికించేదాన్ని నాయనా. ముప్పై రెండేళ్లలో వేలకి వేలు చేశాను గానీ, ఒక్కదానితోనైనా ఆడి చూసే తీరిక రిటైరయ్యేదాకా దొరకలేదు.”