నడిమధ్య గట్టు

"ఆ గోడకి ఒక్క ఇటుక ఆనించావంటే, మేస్త్రీ, నీ తాపీ తీసి వీధిలో విసిరేస్తాను!"

అత్తగారు వంటింటి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. మేస్త్రీ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఎవరి మాట వినాలో తెలియక కోడలి వంక చూశాడు.

పాత వంటగట్లన్నీ కొట్టేసిన ఆ గదిలో, కొత్త గట్టు ఎక్కడ కట్టాలో చూపిస్తూ నేలమీద రెండు సుద్దగీతల పెట్టెలున్నాయి. ఒకటి సరిగ్గా నడిమధ్య, చుట్టూ మనిషి తిరిగేంత చోటుతో. దాని పేరు ఐలాండ్ అన్నాడు మేస్త్రీ. రెండోది ఒక కొస గోడకి అతుక్కుని ఉంది. దాని పేరు పెనిన్సులా. ఆ పేర్లు ఇంట్లోకి వచ్చిన రోజునుంచీ అత్తాకోడళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటోంది.

"మీరు కానివ్వండి మేస్త్రీ, గోడకే కట్టండి," అంది కోడలు. "గది చూస్తే ఇంత. నడిమధ్య గట్టు పెడితే ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది."

"సగం తెరుచుకుంటే సన్నగా దూరి తీసుకో. కొంపలేం మునగవు."

"గోడకైతే ఆ మూలంతా అరలొస్తాయి అత్తయ్యా."

"అరలట, అరలు! ఉన్న డబ్బాలకి మూతలు పెట్టడం రాదుగానీ!"

"పొద్దస్తమానం ఇందులో చచ్చేది నేను. మీరు కాఫీ గ్లాసు కూడా కడగరు. మీకెందుకింత పంతం?"

"ఇల్లు నాది గనక."

"ఆ మాట లేచింది మొదలు వింటూనే ఉన్నాను. కొత్తది ఏదైనా ఉంటే చెప్పండి."

"అమ్మా," మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు, "సిమెంటు కలిపేశాను. మీరు తేల్చుకునేలోగా అది కాస్తా బండైపోతుంది."

"నువ్వు నోర్ముయ్!"

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. ఈమధ్య కాలంలో వాళ్ళిద్దరికీ కుదిరిన మాట అదొక్కటే.

కోడలు విసురుగా ఫోన్ తీసి మొగుడికి కలిపింది. అత్తగారికి వినబడాలని స్పీకర్ పెట్టింది.

"ఏవండీ, మీ అమ్మగారు పని ఆపేశారు. ఏ గట్టు కట్టాలో మీరే చెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అవతల గొంతు ఉరిమింది. "గోడకి అన్నానా లేదా? నేను వచ్చేసరికి అది లేచి ఉండాలి. లేకపోతే అప్పుడు మాట్లాడతాను నీతో."

ఫోన్ ఠక్కున ఆగిపోయింది. కోడలి నోరు తడారింది. అయినా అత్తగారి ముందు తగ్గదలుచుకోలేదు. "విన్నారుగా? సాక్షాత్తూ మీ అబ్బాయి మాట."

"విన్నాను," అంది అత్తగారు. అని, చకచకా నడిచివచ్చి, గోడపక్క సుద్దగీతని కాలితో బరబరా చెరిపేసింది. అక్కడ పేర్చి ఉన్న ఇటుకల్ని ఒక్క తోపు తోసింది. అవి దబదబా దొర్లిపడ్డాయి.

కోడలు ఆవిడ రెక్క పట్టుకుంది. అలా పట్టుకోవడం అదే మొదటిసారి. "ఎడ్డెమంటే తెడ్డెం! నేను ఒక చీర కొన్నా వంకే, ఒక గట్టు కట్టుకున్నా వంకే. నన్ను చూస్తే మీకెందుకండీ అంత కడుపుమంట?"

అత్తగారు చెయ్యి విదిలించుకోలేదు. మేస్త్రీ వైపు తిరిగింది. "నువ్వెళ్ళి బయట కాసేపు కూర్చో."

తాపీని నీళ్ళ బకెట్లో పడేసి, బతుకుజీవుడా అనుకుంటూ అతను జారుకున్నాడు. అత్తగారు తలుపు దగ్గరగా వేసింది. ఇక తిట్ల దండకమే అనుకుని కోడలు నడుం బిగించింది. తనూ ఇవాళ దాచిపెట్టుకున్నవన్నీ కక్కేద్దామనుకుంది. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా నాలుక చివరికి వచ్చేసింది.

కానీ ఆవిడ అరవలేదు. దొర్లిన ఇటుకల వంక చూస్తూ, ఆ ఇంట్లో కోడలు ఎన్నడూ వినని చిన్న గొంతుతో అంది:

"వీడి నాన్న చెయ్యెత్తినప్పుడల్లా నేను గోడకీ గట్టుకీ మధ్య ఇరుక్కుపోయేదాన్నే పిల్లా. నడిమధ్య గట్టైతే, వీడు ఇటునుంచి వచ్చినా నువ్వు అటునుంచి బయటపడొచ్చు."