గట్టు కింది చప్పుడు

కుందేళ్ల మహానగరం పక్కనే ఒకనాడు భూమి కంపించింది. అవతలి ఇసకగట్టు కూలి, అందులోని బొరియలన్నీ పూడిపోయాయి. దూది అనే కుందేలుకి తోడబుట్టిన అక్క ఆ గట్టులోనే కాపురం ఉంటోంది.

దూది పరుగున వెళ్లేసరికి నగరమంతా అక్కడే మూగి ఉంది. "ఇసకలో కాపురం పెట్టమని ఎవరు చెప్పారు వీళ్లకి?" అంటోంది ఒక కుందేలు. "మా బొరియలో మట్టిపెళ్ల కూడా రాలలేదు సుమా!" అంటూ పెద్దకుందేలు మీసాలు దువ్వుకుంటోంది. మట్టి తవ్వే కాలు ఒక్కటీ లేదు.

అంతలో కాళ్ల కింద నేల దడదడలాడింది.

"మళ్లీ వచ్చిందిరోయ్!" అంటూ అన్నీ పరుగు లంకించుకున్నాయి.

"ఆగండి! అది భూకంపం కాదు. ఆపదొస్తే మనం వెనక్కాలితో నేలను తన్నుతాం కదా! లోపల మనవాళ్లు తన్నుతున్నారు!" అని దూది గొంతు చించుకుంది. ఎవరూ వెనక్కి తిరగలేదు.

దూది ఒక్కతే తవ్వింది. గోళ్లు ఊడుతున్నా తవ్వింది. లోపలి చప్పుడు రానురాను సన్నగిల్లి, పొద్దు వాలేసరికి ఆగిపోయింది.

అప్పుడు తిరిగొచ్చింది నగరం. పెద్దకుందేలు నేలకు చెవి ఆనించి చాలాసేపు వింది.

"హమ్మయ్య, సద్దుమణిగింది. ఇక భయం లేదర్రా!" అంది.