మూడు సంతకాల దరఖాస్తు

"ఎవరి చేతికిచ్చినావో చూపించమ్మా," అన్నాడు సమన్వయాధికారి రాఘవేంద్ర.

బయమ్మ బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది. యువజన శాఖ, ఉపాధి శాఖ, కార్మిక శాఖ. ఎవరి వైపూ వేలెత్తలేకపోయింది.

"అమ్మ బెదురుకుంటాంది సార్. నేను చెప్తా," అన్నాడు కొడుకు జయరాం.

హైదరాబాదులో ఏడాది మెకానిక్ శిక్షణ, ఆ పైన ఉద్యోగం ఎక్కడ పడితే అక్కడ. దరఖాస్తు మీద మూడు శాఖలూ సంతకాలు చేయాలి. తను రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుడుతున్నాడు, పూట మానితే పనిలోంచి తీసేస్తారు. అందుకే నెల రోజులుగా కాగితం పట్టుకుని అమ్మే తిరిగింది. మూడు శాఖలూ ఉన్న ఈ ఆఫీసుకేనని చెప్పి పొద్దున్నే కళ్యాణదుర్గం బస్సెక్కేది, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేది. యువజన శాఖలో సారు లేడని ఒకరోజు, ఉపాధి శాఖకు పొమ్మన్నారని ఇంకోరోజు, వాళ్లేమో కార్మిక శాఖను అడగమన్నారని మరోరోజు చెప్పేది. చివరికి కాగితమే కనపడలేదన్నారని చెప్పి గడపలో కూలబడింది.

తమ దగ్గరికి రానేలేదని ముగ్గురు అధికారులూ ఒక్కసారే అన్నారు. తర్వాత ఒకరి మీదొకరు తోసుకున్నారు.

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. ఐదు దాటితే గడువు అయిపోతుంది. బయమ్మ చూపు ముల్లు మీదే ఉంది. శిక్షణ మాట విన్నప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. అంత పెద్ద ఊళ్లో లారీలు, కొత్త నీళ్లు, జ్వరమొస్తే నుదురు తాకి చూసే దిక్కెవరు? ఈ అరగంట గండం దాటించమని కదిరి నరసింహస్వామికి మొక్కుకుంది.

రాఘవేంద్ర గొంతు పెంచాడు.

"కాగితం యాడుండాదో మూడు శాఖల్లో ఒక్కరికీ తెలీదా? ఇందుకేనయ్యా మిమ్మల్ని ఒక్క బల్ల కాడ కూచోబెట్టింది."

కొత్త దరఖాస్తు తెమ్మన్నాడు.

బయమ్మ చేతులు జోడించింది. "వద్దులే సామీ. మా రాత ఇంతే అనుకుంటాం. గడువు కూడా అయిపోవచ్చె."

"నువ్వు ఊరుకో అమ్మా. తప్పు మాది."

జయరాం గబగబా నింపాడు. ముగ్గురూ తలెత్తకుండా సంతకాలు పెట్టారు. ఐదుకు పది నిమిషాలుండగా ముద్ర పడింది. సోమవారమే చేరమన్నారు.

మెట్లు దిగాక జయరాం తల్లి పాదాల మీద పడ్డాడు.

"నెల దినాలు నువ్వు ఈళ్ల సుట్టూ తిరగబట్టే అయిందమ్మా ఇది."

ఆమె వాణ్ని లేపి, చెంపలు నిమిరి, చాలాసేపు ఆ మొహమే చూస్తూ నిలబడిపోయింది.

బయమ్మ ఆ ఆఫీసు మెట్లెక్కడం అదే మొదటిసారి.