పదకొండు సీసాల నీళ్లు

అన్యాయం జరిగింది ఎవరికి? ఒక ముసలాయనకు.

ఎలా జరిగింది? ఆయన తెచ్చిన నీళ్లను పరీక్షించవలసిన మనిషి పదకొండు రోజులపాటు వాటిని సింకులో పారబోసింది.

ఆ మనిషి మురుగునీటి శుద్ధి కేంద్రంలో కెమిస్టు. లంచగొండి కాదు, పని దొంగ అంతకన్నా కాదు. రోజూ ఆఖరి తొట్టిలోని నీళ్లు ముంచి పరీక్షించేది. అవి అద్దంలా ఉండేవి. అక్కణ్ణుంచి సముద్రం దాకా పోయే గొట్టం సంగతి తన పని కాదనుకునేది.

ముసలాయన మడమకు కట్టుతో, తడిబట్టలతో వచ్చాడు.

"పిల్లలు ఈదే చోటి నీళ్లమ్మా. వాసన తేడాగా ఉంది."

గోడమీది నియమాల కాగితం ఆమెకు కంఠతా వచ్చు. ఒక్కొక్కటే అడిగింది. సీసా ఉడికించాడట. మంచులో పెట్టే తెచ్చాడట. వేళ చీటీ మీద రాసి అంటించాడట.

"ఒడ్డున పట్టిన నీళ్లు పనికిరావు. నడుం లోతులో పట్టాలి."

"అక్కడే పట్టానమ్మా."

అడగడానికి నియమాలు అయిపోయాయి. ఆమెకు ఒళ్లు మండింది.

"ఇంతకీ మీరెవరు? ఏ ఆఫీసు తరఫున వచ్చారు?"

ముసలాయన నియమాల కాగితం వంక చూశాడు. దాని అడుగుభాగాన్ని క్యాలెండరు కప్పేసి ఉంది.

"ఆ క్యాలెండరు కాస్త పక్కకు జరుపుతారా అమ్మా?"

"తేదీ కావాలంటే నేనే చెబుతాను."

ఆయన నవ్వి, సీసా బల్ల మీద పెట్టి వెళ్లాడు. ఆరు గంటలు దాటితే నీళ్లు పరీక్షకు పనికిరావు కనుక మర్నాడు మళ్లీ సముద్రంలో దిగి, మళ్లీ కొత్త నీళ్లు తెచ్చాడు. ఆ మర్నాడూ అంతే.

"మేడమ్, మీ సీసాల చుట్టం వచ్చారు" అనేవాడు వాచ్‌మన్. ఆమె కూడా నవ్వేది.

పన్నెండో రోజు ఆయన రాలేదు. పీడ విరగడైందనుకుంది.

వారం తరువాత వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి మెల్లిగా చెప్పాడు. ముసలాయన ఆసుపత్రిలో పోయాడట. మడమ పుండులోకి ఆ నీళ్ల విషం ఎక్కిందట.

"పుండు పెట్టుకుని రోజూ అంత లోతు దిగమని ఎవరు చెప్పారో ఏమో, మేడమ్."

బల్ల చివర ఆయన ఆఖరి సీసా ఖాళీగా ఉంది, చీటీ ఊడలేదు. ఆమె చీటీ ఒలిచి దాచి, సీసా ఉడికించి, తానే వెళ్లి సముద్రంలో నడుం లోతు దిగి నింపింది.

మర్నాటికి పరీక్ష పళ్లెం నిండా లెక్కకు అందనన్ని క్రిములు. గొట్టం ఒడ్డు దగ్గరి రాళ్లలోనే పగిలి ఉంది.

నివేదికలో మొదటి వాక్యం తన గురించే రాసింది: "ఈ నీళ్లు పదకొండుసార్లు నా బల్ల మీదికి వచ్చాయి, పదకొండుసార్లూ నేనే పారబోశాను."

"ఆ ఒక్క వాక్యం కొట్టేయమ్మా, ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు పై అధికారి.

"అది కొట్టేస్తే మిగతాది అబద్ధమవుతుందండీ" అంది.

పిల్లలను నీళ్లలోకి దిగనివ్వలేదు. గొట్టం మార్చారు. అప్పటినుంచి ఆమె రోజూ అదే చోట దిగి ఒక సీసా నింపింది. పుస్తకంలో "తెచ్చినవారు" అన్నచోట "ముసలాయన" అని రాసింది. క్యాలెండరులో రోజుకొక గీత కొట్టింది.

పదకొండో సీసా నీళ్లు శుభ్రంగా తేలాయి. ఆఖరి గీతతో సీసాల బాకీ పూర్తిగా తీరింది. ఇక గీతలతో పనిలేదని క్యాలెండరు మేకు నుంచి తీసింది.

దాని వెనక ఏడో నియమం ఉంది: "నీళ్లు ఎవరు తెచ్చినా పరీక్షించాలి. మీరెవరని అడగరాదు."

ఆ నియమం, దాని కింద "ఈ ల్యాబ్ తొలి కెమిస్టు" అన్న సంతకం, ముసలాయన సీసా చీటీ — మూడూ ఒకే చేతి రాత.