పరదా వెనక జాయ్‌స్టిక్

హీరో రఘునందన్ విమానం నాలుగోసారి కూడా కంప్యూటర్ తెర మీద రన్‌వే దాటి సముద్రంలో పడింది.

“సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో తేడా ఉంది. తీసేసి మళ్లీ ఎక్కించు,” అన్నాడు తిరుమలేశ్‌తో.

“మూడుసార్లు ఎక్కించిన సార్. అది మంచిగనే ఉంది.” తేడా చేతిలో ఉందని మాత్రం తిరుమలేశ్ అనలేదు.

కొత్త సినిమాలో రఘునందన్ పైలట్. సాధన ఎంతవరకు వచ్చిందో చూడడానికి దర్శకుడు జూబ్లీ హిల్స్‌లోని హీరో ఇంటికి బయల్దేరాడు కూడా.

“ఎలాగోలా నా పరువు నిలబెట్టవయ్యా!”

“ఫికర్ చేయకుండ్రి సార్. మీరు ఊకె అటూ ఇటూ తిప్పుండ్రి, చాలు.”

తిరుమలేశ్ హీరో జాయ్‌స్టిక్ వైరు పీకేశాడు. ఇంకోటి తగిలించి, దాంతో కిటికీ పరదా వెనక నక్కి, దర్శకుడు వచ్చి కూర్చున్నాక సందులోంచి తెర చూస్తూ నడిపాడు.

విమానం పువ్వులా దిగింది. దర్శకుడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

“అద్భుతం సార్! నిజం విమానమే మాట్లాడేశాను. ఎల్లుండి మీరే నడుపుతున్నారు. ఈసారి డూప్ అక్కర్లేదు!”

రఘునందన్ బిక్కమొహంతో పరదా వైపు చూశాడు.

పరదా వెనక, పదకొండేళ్లుగా ఆయన బదులు మేడల మీంచి దూకుతున్న తిరుమలేశ్, ఎల్లుండి తనకి సెలవని భార్యకి మెసేజ్ పెడుతున్నాడు.